నానమ్మ వరస

మా పెద్దమ్మ క్వేటీని సాగనంపిన రోజున ఈలై హాగ్‌షూటర్ ఆమె శవపేటిక వెనక నిలబడి ఒక జోకు వేశాడు. మా వాళ్లందరూ పగలబడి నవ్వారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ముఖం మాడ్చుకున్నారు. టల్సా నగరం నుంచి వచ్చిన పత్రికమ్మాయి రాసుకోవడం ఆపేసి, ఇదేం మర్యాద అన్నట్టు నా వంక చూసింది. నేనేమో ఏడుస్తూ నవ్వుతున్నాను, ఆమెకేం చెప్పను? ఆ జోకు తెలియాలంటే ముప్ఫై ఏళ్ల వెనక్కి పోవాలి. అంతకన్నా ముందు మా వాగు సంగతి తెలియాలి.

వాగు పేరు కప్పలవాగు, ఊరి పేరూ అదే. ఇళ్లూ బడీ ఇవతల గట్టున. చర్చి, శ్మశానం, పట్నం పోయే రోడ్డు అవతల. ఎండాకాలంలో కోడిపిల్ల కూడా చెప్పులు తడవకుండా దాటుతుంది. వసంతంలోనూ ఆకురాలు కాలంలోనూ గట్టిగా నాలుగు చినుకులు పడ్డాయంటే ట్రాక్టరు కూడా ఇవతలే నిలబడి చూడాలి.

మా అమ్మ ఓలీ, పెద్దమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. చక్కెర జబ్బు వల్ల అమ్మ మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు పట్నం వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. ఒకసారి తప్పితే కాళ్లూ మొహం ఉబ్బిపోయేవి. వరసగా రెండుసార్లు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ వసంతంలో వాగు పొంగి ఒకసారి తప్పింది. ఊపిరి అందక అమ్మ కిటికీ దగ్గర కూర్చుని వాగు హోరు వింటూ ఉంటే, పెద్దమ్మ పక్కనే నిలబడి, "ఇంకో వాన నా చెల్లెల్ని ఇలా కూర్చోబెట్టకూడదు," అంది.

పెద్దమ్మ ఊరికే మాట్లాడే మనిషి కాదు. మా చెరొకీ ఆదివాసీ జాతి సభకు మా కొండల తరఫున ఎన్నికైన మొదటి ఆడమనిషి ఆమె. చూస్తే అలా అనిపించేది కాదు. పొట్టి మనిషి, తలకు ఎర్ర రుమాలు, వంకరపోయిన చిటికెన వేలు. ఆ వేలు బంతాటలో విరిగింది. మా ఆటలో మగవాళ్లు కర్రలతో ఆడాలి, ఆడవాళ్లు ఒట్టి చేతులతో ఆడతారు. మగవాడి చొక్కా పట్టుకుని లాగే హక్కు ఆడవాళ్లకుంది, వాళ్లకు మాత్రం మమ్మల్ని ముట్టుకునే హక్కు లేదు. అయినా వేలు విరిగిందంటే ఆమె ఎంత ముందుకు దూరి ఆడేదో మీరే ఊహించుకోండి.

వేసవి అంతా ఆమె పట్నం చుట్టూ తిరిగింది. చివరికి వాగు మీద వంతెనకు సభ ఒప్పుకుంది. ఇనుప దూలాలూ సిమెంటూ చెక్కపలకలూ వాళ్లు ఇస్తారు, కష్టం మాత్రం మాది. అంటే గడూగీ. మా తాతల నాటి పద్ధతే. ఊరంతా కలిసి చేతులు వేస్తారు, కూలి ఉండదు, వంట ఉంటుంది. ఆకులు రంగు మారేలోపు పని మొదలు కాకపోతే సామాను వరసలో ఉన్న ఇంకో ఊరికి పోతుంది.

అక్కడే చిక్కు వచ్చింది. గడూగీకి ఎప్పుడూ మగవాడే పెద్ద. ఊళ్లో పెద్ద ట్రాక్టరు ఈలైది. సిమెంటు పని తెలిసినవాడు ఈలై. పైగా సభ ఎన్నికలో పెద్దమ్మ చేతిలో ఓడిపోయినవాడూ ఈలైయే. పని చేయగల మగవాళ్లలో సగం మంది అతని అన్నదమ్ములు, బావమరుదులు. ఈలై లేస్తే లేస్తారు, ఈలై కూర్చుంటే కూర్చుంటారు. ఎన్నిక అయినప్పటి నుంచీ ఈలై కూర్చునే ఉన్నాడు.

ఊళ్లో మాటలు పుట్టాయి. దుకాణం దగ్గర ఒకాయన నా ఎదుటే అన్నాడు, "క్వేటీ ఈ వంతెన చెల్లెలి కోసం కట్టిస్తోందంట కదా?"

పెద్దమ్మ ఉప్పు సంచీ బండిలో పడేసి, "అవునయ్యా, చెల్లెలి కోసమే. మీ చెల్లెళ్లెవరూ దాని మీద అడుగు పెట్టకుండా కాపలా పెడతాలే," అంది.

ఆ శనివారం మధ్యాహ్నం బడి ఆవరణలో పంది వేపుడు విందు పెట్టింది పెద్దమ్మ. మా దగ్గర ఏ మంచిమాట చెప్పాలన్నా ముందు కడుపు నింపాలి. పెద్ద ఇనుప బానలో మాంసం చిటపటలాడుతోంది. బీన్స్ కలిపిన మొక్కజొన్న రొట్టెలు, కాయగింజలు దంచి కాచిన కనూచీ, అన్నీ ఉన్నాయి. నూనె దగ్గర గరిటె నా చేతికే ఇచ్చారు. మగవాళ్లు ఒక్కరూ తప్పకుండా వచ్చారు. పనికి రాని వాడు కూడా పందికి వస్తాడు.

అందరూ సగం తిన్నాక పెద్దమ్మ లేచి అడిగింది. "సోమవారం పొద్దున వాగు దగ్గరికి ఎవరెవరొస్తారు?"

ఆడవాళ్ల చేతులు లేచాయి. మగవాళ్లు ముందు పళ్లేల వంక, తర్వాత ఈలై వంక చూశారు.

ఈలై చేతిలో ఎముక పక్కన పెట్టి లేచాడు. "క్వేటీ, నువ్వు సభలో కూర్చో. పట్నంలో ఫొటోలు తీయించుకో. ఎవడొద్దన్నాడు? పార పట్టే చోట మాత్రం ముందు మగాడు నడవాలి. నా బతుకులో ఆడమనిషి వెనకాల నేను నడిచింది ఒక్కసారే, మా అమ్మ పెట్టె వెనకాల."

అతని తమ్ముడెవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు విని ఈలైకి ఉత్సాహం వచ్చింది. "నీ వెనకాల నడవాలంటే నువ్వు కూడా పెట్టెలో పడుకోవాల్సిందే!"

బతికున్న మనిషి చావును నోటితో పలకడం మాలో చిన్న విషయం కాదు. బయటికి వచ్చిన మాట ఎక్కడో ఒకచోట వాలుతుందంటారు. ఈలై భార్య జెన్సీ చేత్తో నోరు మూసుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఈలై మొహం కూడా పాలిపోయింది. కానీ తమ్ముళ్ల ముందు వెనక్కి తగ్గడం ఎలా? మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

నా చేతిలో కాలుతున్న గరిటె ఉంది. నాకు ముక్కు మీద కోపం, అది ఊరందరికీ తెలుసు. రెండడుగులు వేశానో లేదో అమ్మ వెనక నుంచి నా లంగా పట్టుకుంది. పెద్దమ్మ ఒక్కసారి నా వంక చూసింది. గరిటె కింద పెట్టేశాను.

"ఈలై, మీ నాన్న వాళ్ల నాన్నది ఏ గోత్రం?" అంది పెద్దమ్మ, ధాన్యం ధర అడిగినంత మామూలుగా.

"అదిప్పుడెందుకు?"

"తెలుసా, తెలీదా?"

"మాది తోడేలు గోత్రం."

"అది మీ అమ్మది. నేనడిగింది మీ తాతది."

ఈలై మెడ గోక్కున్నాడు. మాలో గోత్రం తల్లిది. అది ఎవరూ మర్చిపోరు. కానీ తండ్రి తండ్రి గోత్రం కూడా తెలిసి ఉండాలి. ఎందుకంటే ఆ గోత్రం వాళ్లతో మనది సరసాల వరస. వాళ్లను మనం ఏమన్నా అనొచ్చు, వాళ్లు మనల్ని ఏమన్నా అనొచ్చు. కోపం తెచ్చుకున్నవాడు పరువు పోగొట్టుకున్నట్టే. ఈలై చిన్నప్పుడే సైన్యంలోకి పోయి, అటు నుంచి అటే కాలిఫోర్నియాలో పదేళ్లు ఉండి వచ్చాడు. ఆ లెక్కలన్నీ అక్కడే వదిలేసి వచ్చినట్టున్నాడు.

నీడన కుర్చీలో కూర్చున్న లోకస్ట్ తాతకు ఊళ్లో అందరి వరసలూ కంఠతా వచ్చు. ఆయన కర్రతో నేల మీద కొట్టాడు. "పిట్ట గోత్రంరా వెధవా! మీ తాతా నేనూ కలిసి చేపలు పట్టేవాళ్లం. పిట్ట గోత్రం!"

"మరి నాదే గోత్రం తాతా?" అంది పెద్దమ్మ.

"నీదీ పిట్టేగా!"

"అయితే ఈ అబ్బాయికి నేనేమవుతాను?"

"నానమ్మవవుతావే!"

తాత గోత్రం ఆడవాళ్లంతా మాలో నానమ్మలే, వయసుతో పని లేదు. ఈలై ఆమెకన్నా రెండేళ్లు పెద్ద. ముందు ఆడవాళ్లు నవ్వారు, తర్వాత పిల్లలు, ఆఖరికి ఈలై తమ్ముళ్లు కూడా పళ్లేలు పక్కన పెట్టి నవ్వారు. పెద్దమ్మ నడుచుకుంటూ వెళ్లి అతని బుగ్గ మీద తట్టింది.

"హమ్మయ్య! ఎవడో పరాయివాడు నన్ను చావమంటున్నాడని హడలిపోయాను. మనవడివా! మనవడు ఆమాత్రం సరసమాడకపోతే నానమ్మకి పొద్దెలా పోతుంది?"

జెన్సీ నోటి మీద నుంచి చెయ్యి తీసి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అంతటి పాడుమాట పెద్దమ్మ చేతిలో పడి ఆట వస్తువైపోయింది. అయితే ఆమె అక్కడితో ఆగలేదు.

"అందరూ విన్నారుగా? నా మనవడు నా పెట్టె వెనకాల నడుస్తానని మాటిచ్చాడు. సంతోషం. కానీ ఈలై, శ్మశానం వాగుకి అవతలుంది. నేను ఏ వానల్లోనో పోయాననుకో. నీకు చూస్తే ఈత రాదు. నన్నెలా దాటిస్తావు? పెట్టెని నీళ్లలోకి తోసేసి గట్టు మీద నుంచి చెయ్యి ఊపుతావా?"

ఈలై చెవులు ఎర్రబడ్డాయి. కోప్పడడానికి లేదు. కోప్పడితే సొంత తాత గోత్రం తెలియనివాడని నలుగురూ ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. "నువ్వు ఎండాకాలంలో పో," అన్నాడు.

ఆ మాటకు పెద్దమ్మే అందరికన్నా ఎక్కువ నవ్వింది. "నాకిష్టమొచ్చినప్పుడు పోతాను. వంతెన సంగతి చెప్పు."

"మాటిచ్చావురా అబ్బాయ్," అన్నాడు లోకస్ట్ తాత. "వంతెన లేకపోతే మాట తప్పినట్టే."

ఈలై కూర్చుని, పక్కన పెట్టిన ఎముక మళ్లీ తీసుకున్నాడు. దాన్నే చూస్తూ, "సోమవారం ట్రాక్టరుకి డీజిలెవరు పోస్తారు?" అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో నేను ఊరుకోలేదు. "అంత మాటన్నవాణ్ని నలుగురిలో కడిగెయ్యకుండా బుగ్గ మీద తట్టొచ్చావేంటి పెద్దమ్మా?"

"కడిగేస్తే ఏమొస్తుందే మోనా? శుభ్రమైన శత్రువు మిగులుతాడు. నాకు ట్రాక్టరు కావాలి." కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "అయినా ఆడది ముందు నడవకూడదన్నది వాడి మాట కాదులే. మనది అసలే కాదు. ఎక్కడో అరువు తెచ్చుకున్నాం."

నిజమే కదా. పూర్వం తెల్లదొరలతో సంధి మాటలకు వెళ్లిన మా పెద్దమనిషి ఒకాయన, ఎదుటి పక్షంలో అందరూ మగవాళ్లే కూర్చుని ఉండడం చూసి, "మీ ఆడవాళ్లేరీ?" అని అడిగాడట. సగం మందే వస్తే ఏం మాట్లాడుకుంటాం అని ఆయన అనుమానం. అలాంటి వాళ్ల మనవలు పందిమాంసం నములుతూ ఈ మాటలు మాట్లాడుతున్నారు! అప్పుడు నాకు మళ్లీ కోపం వచ్చింది, కానీ ఈసారి కోపంతో పాటు గర్వం కూడా వచ్చింది.

సోమవారం పొద్దున ఈలై వచ్చాడు. కావాలనే ఆలస్యంగా వచ్చాడు. రాగానే మొదలుపెట్టాడు. "నానమ్మా, ముసలి ప్రాణం, ఎండలో ఎందుకు? నీడన కూర్చో."

"నీ పళ్లన్నీ ఊడాక ఇద్దరం కలిసి కూర్చుందాంలే. ఆ రాయి ఎత్తు."

రోజంతా ఇదే వరస. పని అలసట తెలియకుండా పోయేది. ఆడవాళ్లు సిమెంటు కలిపారు, మగవాళ్లు గుంటలు తవ్వారు, వంతులవారీగా ఒక్కో ఇంటి నుంచి వంట వచ్చింది. స్తంభాలు ఎంత ఎత్తు లేపాలన్న చోట మాత్రం ఇద్దరికీ నిజంగానే పడలేదు. సిమెంటు కలిసొస్తుందని ఈలై తక్కువ ఎత్తు అన్నాడు. పెద్దమ్మ వాదించలేదు. తల రుమాలు విప్పి, గట్టున ఉన్న చెట్టుకు తన భుజమంత ఎత్తున కట్టింది. "మొన్న వసంతంలో నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి. ఆ రోజు ఓలీ కిటికీ దగ్గర కూర్చుంది." ఈలై రుమాలు వంక చూశాడు, ఉమ్మేశాడు, వెనక్కి తిరిగి తమ్ముళ్లతో, "ఇంకో మూడడుగులు పైకి," అన్నాడు.

వాన మాత్రం మా కోసం ఆగలేదు. దూలాలు ఎక్కించాం, వాటి మీద పలకలు పరిచాం, ఇంకా మేకులు కొట్టలేదు. అంతలో మబ్బు కమ్మింది. పట్టిన వాన పట్టినట్టే కురిసింది. అమ్మ డయాలసిస్ వంతు ఒకటి తప్పిపోయింది. రెండో వంతు రోజు పొద్దున ఆమె కళ్లు వాచి సగమే తెరుచుకున్నాయి. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. వాన కాస్త తెరిపి ఇచ్చింది గానీ వాగు ఎర్రగా సుళ్లు తిరుగుతోంది. అవతలి గట్టుకు బండి పంపమని పెద్దమ్మ చర్చివాళ్లకు ఫోను చేసింది. మేం వాగు దగ్గరికి వెళ్లేసరికి ఈలై, అతని తమ్ముడు అప్పటికే అక్కడున్నారు. ఎవరు పిలిచారో ఇప్పటికీ నాకు తెలియదు.

అమ్మను వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో కట్టారు. ఈలై ముందు కాళ్లు పట్టుకున్నాడు, తమ్ముడు వెనక పట్టుకున్నాడు. పెద్దమ్మ చెప్పులు విప్పేసి పలకల మీదికి ఎక్కింది. ఒక్కో పలకనూ ఉత్తకాలితో నొక్కి చూసి, బరువు మోపి, అప్పుడు అడుగు వేసేది. "ఇక్కడ ఎడమపక్క. ఇది కదులుతోంది, దీన్ని దాటెయ్." ఈలై ఆమె పాదం పెట్టిన చోటే పాదం పెట్టాడు. వేలెడు అటూ ఇటూ పోలేదు. వెనకాల అమ్మ మందుల సంచీతో నేను. వాగు మధ్యలో ఒక పలక చివర పైకి లేచింది. పెద్దమ్మ వెనక్కి వచ్చి ఆ చివరన నిలబడి, కుర్చీ దాటేదాకా కదల్లేదు. తర్వాత మళ్లీ ముందుకు వెళ్లింది.

అవతలి గట్టు ఎక్కాక అమ్మ నీరసంగా నవ్వి, "పెళ్లిలో కూడా నన్నిలా మొయ్యలేదర్రా," అంది.

బండి కదిలాక ఈలై వెనక్కి తిరిగి వంతెన వంక చూశాడు, తర్వాత పెద్దమ్మ వంక చూశాడు. ఎవరి వెనకాల నడిచాడో అతనికప్పుడు తెలిసి ఉంటుంది. పెద్దమ్మ తల రుమాలు పిండి కట్టుకుంటోంది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ, నా నోరు ఎలాంటిదో తెలిసి కూడా, ఆ ఒక్కసారి మూసుకున్నాను.

ఆ వంతెన మీద అమ్మ ఇంకా చాలా ఏళ్లు తిరిగింది. నా పిల్లల్ని ఎత్తుకుంది. ఒక ఎండాకాలం తన మంచం మీదే నిద్రలో పోయింది, వాగు ఎండిపోయి ఉన్న రోజుల్లో. పెద్దమ్మ మాత్రం మా వంతెనతో ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి, మీరెలా చేశారని అడిగారు. ఒక ఊరికి రోడ్డు, ఒక ఊరికి మంచినీళ్లు, ఇంకో ఊరికి ఆసుపత్రి గది, పిల్లలకు మా భాష చెప్పే బడి. అన్నీ చేతులు కలిపి చేసినవే. ఆమె ఎక్కడికెళ్తే అక్కడికి వెనకాల ఈలై ట్రాక్టరు. ఎన్నికలొస్తే బాన దగ్గర గరిటె అతనిదే. "మా నానమ్మకి ఓటెయ్యండి బాబూ, ఓడిపోతే ఇంట్లో కూర్చుని నన్ను చంపుకు తింటుంది," అని అరిచేవాడు. ఒకసారి నిజంగానే ఓడిపోయింది. అప్పుడు అన్నంత పనీ చేసింది. ఆ తర్వాతి ఎన్నికలో అతనే ఇల్లిల్లూ తిరిగి గెలిపించాడు. ఇప్పుడు మా కొండల నుంచి సభకు ఆడవాళ్లు వెళ్తే ఎవరూ తలెత్తి కూడా చూడరు. అంతకన్నా ఏం కావాలి?

పంతం మనిషి కదా, చెప్పినట్టే వానల్లోనే పోయింది. అడవి ఉల్లి మొలిచే రోజులు. కప్పలవాగు గట్లు ఒరుసుకుని పారుతోంది. పెట్టెను బండిలో దాటిద్దామన్నారు కుర్రాళ్లు. ఎనభై ఏళ్ల ఈలై చేతికర్ర అడ్డం పెట్టాడు. "భుజాల మీదే," అన్నాడు. ఆరుగురం ఎత్తుకున్నాం, ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు. ముందు కుడివైపు నేను. మా భాషలో పాట పాడుతూ జనం. పెట్టె వెనకాల అందరికన్నా ముందు, కర్ర టకటకలాడిస్తూ ఈలై.

వంతెన మధ్యకు రాగానే అతని కర్ర చప్పుడు ఆగింది. పాట ఆగింది. మేమూ ఆగాం.

"నానమ్మా!" అన్నాడు పెట్టెతో. "నీ వెనకాల నడవాలంటే నువ్వు పెట్టెలో పడుకోవాలన్నాను, నిజమే. ముప్ఫై ఏళ్ల నుంచీ నడుస్తూనే ఉన్నాగదే. మళ్లీ ఈ పెట్టె దేనికే?"

అదీ జోకు. పాస్టరుగారు ముఖం మాడ్చుకున్నది అప్పుడే. మేం మాత్రం భుజాల మీద పెట్టె కదిలేంతగా నవ్వాం.

నవ్వు తగ్గాక మెడ తిప్పి చూశాను. ఈలై ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, తల కొంచెం పక్కకు వంచి. ముప్ఫై ఏళ్లలో అతను ఒక మాటంటే ఆమె ఒక మాట అనకుండా వదిలిన రోజు లేదు. ఆ మాట కోసం ఆగిపోయాడు. అది ఇక రాదని తెలిశాక అతని గడ్డం వణకడం మొదలైంది. జనం తలలు దించుకున్నారు.

మాలో గోత్రం తల్లిది. మా అమ్మది పిట్ట గోత్రం. నాదీ అదే.

నేను మళ్లీ ముందుకు తిరిగి గొంతెత్తాను. "ఏరా మనవడా, వాగు మధ్యలో సంత పెట్టావేంటి? వెనకాల ఊరంతా ఆగిపోయింది. నడువు!"

చేతికర్ర పలక మీద టక్కుమంది.

"వస్తున్నా నానమ్మా," అన్నాడు ఈలై, నాకన్నా పాతికేళ్లు పెద్దవాడు, నా వెనకాల నడుస్తూ.